తాత వేసిన మెలి

పోయిన వారం వినీలని ఝపటాపూర్‌లో పళ్ళ డాక్టరమ్మ కుర్చీలో పడుకోబెట్టి, దీపం ముఖం మీదికి తిప్పి, అక్కడే వదిలేసి వచ్చాం. పాపం ఇంకా అలాగే ఉంది. నోరు తెరిచే ఉంది.

మరిచిపోయినవాళ్ళకి రెండు మాటలు. ఇది బెంగాల్లో ఒక రైల్వే ఊరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మూడు తరాలుగా రైల్వే కూడు తింటున్న తెలుగు ఇల్లు వాళ్ళది. తాత ఆర్థర్ వర్క్‌షాపులో ఫిట్టరు చేసి దిగిపోయాడు. తండ్రి సిరిల్ ఇంజను నడిపేవాడు. కళ్ళు మసకబారాయని మెడికల్‌లో తేలింది. బండి దింపేసి ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇక మిగిలింది వినీల. డిప్లొమా చదివి ఇంజను డ్రైవరు ఉద్యోగానికి పరీక్షలు రాసింది. రాత పరీక్షలు గట్టెక్కింది. ఆఖరుది, కంప్యూటరు ముందు కూర్చుని బొత్తాలు నొక్కే పరీక్ష. అది పోయింది.

పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫలితాలొచ్చిన రోజు అమ్మ గుమ్మంలో నిలబడి "నంబరుందా?" అని అడిగితే, "ఉంది" అనేసింది వినీల. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి తాత గుడిలో, అంటే చర్చిలో, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పేశాడు, నాన్న ఆఫీసులో టీ తాగించేశాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో, నంబరున్నవాళ్ళకి చేసే మెడికల్ పరీక్ష మాట తప్ప ఇంకో మాట లేదు.

పళ్ళ గొడవ అంతకుముందుది. ఏడాదిన్నర కిందట బజారు వైపు ఒక క్లినిక్కులో, కలకత్తా నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరు వినీల పై పళ్ళకి క్లిప్పులు వేశాడు. ఎండాకాలంలో ఆ క్లినిక్కు షట్టరు దిగింది. డాక్టరు రాడు, ఫోనెత్తడు. క్లిప్పులు మాత్రం నోట్లో ఉన్నాయి. ఊళ్ళో ఉన్న పళ్ళ డాక్టర్లందరి గడపలూ తొక్కారు. అందరిదీ ఒకటే మాట: "ఎవరు వేశారో వాళ్ళ దగ్గరికే వెళ్ళండి." ఒకరు మొదలుపెట్టిన నోట్లో ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఈలోగా ముందు పన్ను ఒకటి కదలడం మొదలుపెట్టింది. చివరికి డాక్టర్ మౌసుమీ దే ఒక్కతే, "తీసుకురండి, చూడకుండా ఏం చెబుతాను" అంది.

అదీ సంగతి. ఇక ఆ గదిలోకి వెళ్దాం.

డాక్టరమ్మ వినీల పెదాలకి ప్లాస్టిక్ చట్రం ఒకటి తగిలించింది. అది పెదాలని చెవుల వైపుకి లాగి పట్టుకుంటుంది. అది పెట్టాక మనిషి నవ్వుతున్నట్టూ ఉండదు, ఏడుస్తున్నట్టూ ఉండదు. మాట రాదు. దవడ మూలన పెట్టిన సన్నటి గొట్టం గుడగుడమని ఉమ్మి పీలుస్తోంది.

"నొప్పి పుడితే ఎడం చెయ్యి ఎత్తు" అంది డాక్టరమ్మ. "మాట్లాడ్డానికి చూడకు."

ఆమె మాట్లాడింది బెంగాలీలోనే. ఇంటిల్లిపాదికీ అది వచ్చిన భాషే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

కుర్చీకి కుడివైపు గోడకి టీవీలాంటిది ఉంది. దాని పక్కన అమ్మ సుజాతమ్మ, చేతిసంచీ పొట్టకి ఆనించుకుని నిలబడింది. తలుపు దగ్గర స్టూలు మీద తాత. టోపీ మోకాలి మీద పెట్టుకుని, చూపు నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మామూలుగానే మాటల మనిషి కాదు. ఈ రోజు పొద్దున్నుంచీ ఆ కాస్తా లేదు.

"ఇంత దగ్గర్లో ఉన్నాను. నా దగ్గరికి ఇన్నాళ్ళకి వచ్చారా దీదీ?" అంది డాక్టరమ్మ, అద్దం పుల్ల నోట్లోకి దూరుస్తూ.

"మీ బోర్డు కనబడాలి గదమ్మా. పైన మొబైలు షాపుది గుడారమంత ఉన్నాది."

"అద్దె అతనిది. బోర్డు కూడా అతనిష్టమే." డాక్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. అద్దం తిప్పింది. మళ్ళీ తిప్పింది. దీపం ఇంకొంచెం కిందికి దించింది.

వినీలకి తెలుసు, ఎక్కడ ఆగిందో.

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి, పెన్నులాంటి కెమెరా తీసింది. గోడ మీద తెరలో వినీల పళ్ళు తలుపంత పెద్దవై కనబడ్డాయి. పన్ను పన్నుకీ అతికించిన చిన్న చిన్న ఇనప ముక్కలు. వాటి మీదుగా పోతున్న తీగ. ఎడంవైపు, కదులుతున్న పన్నుని పక్క పన్నుకి కలిపి కట్టిన ఇంకో తీగ.

"ఇది ఎవరు కట్టారు?"

"ఆ కలకత్తా డాక్టరేనమ్మా. ఇంకెవరు కడతారు?" అంది సుజాతమ్మ.

"కాదు. మేం కట్టే తీగ మెత్తగా ఉంటుంది, దారంలాగ. ఇది గట్టిది. కొత్తది కూడాను. చూడండి, మిగతా ఇనుమంతా నల్లబడింది, ఇది మెరుస్తోంది." డాక్టరమ్మ కెమెరా దగ్గరికి జరిపింది. "మెలి తిప్పిన పద్ధతి కూడా మాది కాదు. ఎవరిదో మంచి చెయ్యే. కానీ పళ్ళ డాక్టరు చెయ్యి కాదు."

తెర మీద ఆ మెలి ఇప్పుడు మోకు అంత ఉంది. ఒత్తుగా తిప్పిన మెలికలు. కొస పైకి లేవకుండా వెనక్కి వంచి, కిందికి దోపి ఉంది. గుడ్డ పెట్టి తుడిచినా చిక్కుకోకుండా.

సుజాతమ్మ తెర వైపు చూస్తోంది. ఆ మెలి ఆమె ఎరగనిదా? పెళ్ళై ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచీ చూస్తోంది. బట్టలారేసే తీగ కొసన ఉంది. గేటు గడియకి ఉంది. క్రిస్మస్‌కి ఇంటిమీద వేలాడదీసే నక్షత్రం వెదుళ్ళన్నిటికీ ఉంది. ఆమె సంచీలో ఉన్న టిఫిను కేరేజీ పిడి ఊడిపోతే, దానికీ అదే మెలి, కొస అలాగే లోపలికి దోపి. బోగీల కింద నట్లు అదురుకి ఊడిపోకుండా తీగ కట్టి మెలి తిప్పడం ఆర్థర్ బతుకంతా చేసిన పని. కొస పైకి వదిలేస్తే పక్కవాడి చెయ్యి కోసుకుంటుందని, ఎప్పుడూ లోపలికి దోపేవాడు.

గొట్టం గుడగుడమంటోంది.

"మావయ్యా" అంది సుజాతమ్మ. తెర మీంచి తల తిప్పలేదు.

తాత టోపీ మోకాలి మీంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"మావయ్యా, మిమ్మల్నే. ఇది మీరు సేసినారా?"

"నేనే" అన్నాడు తాత.

వినీల గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది మాట కాదు. మాట కావాలంటే పెదాలు కలవాలి. ఆమె పెదాలు చట్రం దగ్గర ఉన్నాయి. ఎడం చెయ్యి ఎత్తింది.

"నొప్పా? అయిపోయింది, అయిపోయింది" అంటూ డాక్టరమ్మ గొట్టాన్ని కాస్త జరిపింది. చెయ్యి మెల్లగా పట్టుకుని కిందికి దించింది.

ఆ గదిలో వినీలకి ఇచ్చిన మాట అదొక్కటే. నొప్పి. ఇంకో మాట చెప్పాలంటే దానికి చెయ్యి లేదు.

ఆమె చెప్పదలచింది ఇది. తాత తనంతట తాను వెయ్యలేదు. ఫలితాలు రాకముందు, ఇంకా ఆశ ఉన్న రోజుల్లో, కాలనీలో ఆలిస్ పిన్ని అంది: నోట్లో ఇనుముంటే మెడికల్‌లో అన్‌ఫిట్ చేసేస్తారంట, ఎవరినో చేసినారంట. ఎవరినో ఆమెకీ తెలీదు. ఆ రాత్రి వినీలకి నిద్ర లేదు. పళ్ళ మధ్య సందు మూసుకుంటే గాని క్లిప్పులు తియ్యరు. సందు మూసే డాక్టరు లేడు. తాతని అడిగింది. కాదన్నాడు. మళ్ళీ అడిగింది. "ఇది బోగీ కాదు గుంటా" అన్నాడు. మూడోసారి ఆయన ప్లయరు తానే తీసుకుని అద్దం ముందు నిలబడింది. అప్పుడు లేచాడు తాత. ప్లయరు లాక్కున్నాడు. తన గిటారుకున్న అన్నిటికంటే సన్నటి తీగ విప్పాడు, టీ గిన్నెలో మరగబెట్టాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. వేశాక ప్లయరు చేతిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇదంతా చెప్పడానికి ఎడం చెయ్యి చాలదు.

"పన్నంటే ఏటనుకున్నారు మావయ్యా? నట్టనుకున్నారా?" సుజాతమ్మ గొంతు పెద్దది కాలేదు. అదే భయం. "బిగిస్తే బిగుసుకుంటాదనుకున్నారా?"

"సందు మూసుకోవాలంటే లాగాల. డాక్టరు సేసిందీ అదే గదా. కూసంత బిగువెక్కువైతే బేగి అవుతాదని..."

"ఎవలు సెప్పినారు మీకు?"

తాత తలెత్తాడు. కుర్చీ వైపు చూశాడు. దీపం వెలుగులో మనవరాలి ముఖం ఆయనకి తిరగేసి కనబడింది. మళ్ళీ టోపీ వైపు చూసుకున్నాడు.

"ఎవలూ సెప్పలేదు. నాకే తోసింది."

"తోసింది. మీకు తోసినివన్నీ ఇంట్లో ఎలాడుతున్నాయి గదా. గేటుకీ మీ మెలే, బకెట్టుకీ మీ మెలే. ఒక్క నా బిడ్డ నోరే మిగిలిపోనాదా?" ఇక్కడ ఆమె మీరు అనడం మానేసింది. "నీకేటి తెలుసని ముట్టుకున్నావు? దాని ఉద్యోగం పోతే నువ్వు తెస్తావా? మెడికల్ పెట్టుకుని ముందు పన్ను ఊడిపోయి ఎల్తే ఏటంటారు?"

మెడికల్. వినీల కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్నా దీపం ఎర్రగా కనబడుతూనే ఉంది.

"దీదీ, మీ కొట్లాట బయట పెట్టుకోండి" అంది డాక్టరమ్మ. "నాకు ముందు లోపల ఏముందో చూడాలి."

చిన్న పలకలాంటిది వినీల అంగిలికి ఆనించి, "కొరికి పట్టుకో, వదలకు" అంది. గోడ చాటుకి వెళ్ళి బొత్తం నొక్కింది. తెర మీద పళ్ళు పోయి బూడిదరంగు బొమ్మ వచ్చింది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని బొమ్మ ఎదురుగా కూర్చుంది.

"దాదూ, మీరు కూడా ఇలా రండి. చూడండి."

తాత లేచి రెండడుగులు వేసి, కోడలికి దూరంగా నిలబడ్డాడు.

"ఇవి పళ్ళు. ఈ పొడుగ్గా కిందికి... కాదు, పై పళ్ళు కదా, పైకి పోతున్నవి వేర్లు. ప్రతి పంటికీ ఇంత వేరుండాలి. కదులుతున్న పన్ను ఇది. దీని వేరు చూడండి."

వేరు సగమే ఉంది. మిగతా సగం పెన్సిలు చెక్కేసినట్టు అరిగిపోయి ఉంది. దాని మీదుగా, పక్కకి ఒరిగి, ఎముకలో ఇంకో పన్ను పడుకుని ఉంది. నిండు పన్ను. పెద్దది. బయటికి రావలసిన చోటికి రాకుండా, లైను మారబోయి మధ్యలో ఆగిపోయిన బోగీలాగ, రెండు దారులకీ అడ్డంగా.

"ఇది కోరపన్ను. పన్నెండు పదమూడేళ్ళకి దిగాలి. దారి దొరకలేదు. లోపలే ఇరుక్కుపోయింది. ఇరుక్కున్నది ఊరుకోదు, పక్కదాని వేరుని నెమ్మదిగా తినేస్తుంది. నొప్పి ఉండదు. తెలియదు."

"దాని కోరపన్ను ఉన్నాది గదమ్మా. సిన్నది. ముద్దుగా ఉంటాదని అందరూ..."

"అది పాలపన్ను దీదీ. ఊడాల్సింది ఊడలేదు. అసలుది పైన ఉంది."

సుజాతమ్మ ఆ బొమ్మ చూస్తూనే అడిగింది. "రూట్ కెనాల్ సేస్తే నిలబడదా? మా పక్కింటోలికి సేసి టోపీ వేసినారు, గట్టిగానే ఉన్నాది."

"రూట్ కెనాల్ అంటే పంటి లోపల నరం కుళ్ళితే దాన్ని శుభ్రం చేసి మూసేది. అప్పుడు వేరు గట్టిగానే ఉంటుంది, పైన టోపీ వేస్తే పనిచేస్తుంది. ఇక్కడ నరం బాగానే ఉంది. పోయింది వేరు. పునాది లేని గోడకి సున్నం వేసి ఏం లాభం?"

"పోనీ తీసీసి పెట్టుడు పన్ను పెడితే?"

"పెట్టొచ్చు. ఎముకలోకి మర బిగించి పెట్టేది కూడా ఉంది. కానీ ఎక్కడ పెట్టను? ఆ చోట పైన ఇది పడుకుని ఉంది కదా. ముందు దీని సంగతి తేలాలి."

"అయితే ముందు ఆ తీగ విప్పీయండి. ఆ మెలి సూస్తుంటేనే నాకు..."

"విప్పను" అంది డాక్టరమ్మ.

తాత తల తిప్పి చూశాడు.

"ఇప్పుడు ఆ పన్ను నోట్లో నిలబడి ఉందంటే ఈ మెలి వల్లే. పక్క పన్నుకి కట్టి ఉంది కాబట్టి వేలాడుతోంది. విప్పానా, పన్ను నా చేతిలోకి వస్తుంది." ఆమె తాత వైపు తిరిగింది. "సంతోషించకండి దాదూ. అసలే వేరు లేని పన్నుని మీరు లాగారు. ఇంకో ఏడాదికి కదలాల్సింది ఇప్పుడే కదిలింది. మీ మెలి లేకపోతే ఇంత తొందరగా ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఇప్పుడు అదే మెలి తీస్తే పోతుంది. అలాగే ఉంచితే ఆ లాగుడుకీ పోతుంది."

"మరేటి సెయ్యాల?" అన్నాడు తాత. ఆ గదిలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"లాగుడు లేకుండా కట్టాలి. అది నేను చేస్తాను, ఇవాళే. దాని పక్కనే ఇంకోటి కట్టి, తర్వాత మీది తీస్తాను. ఆ తర్వాత అసలు పని. అంగిలి దగ్గర చిన్న కోత పెట్టి, ఆ ఇరుక్కున్న పంటికి గొలుసు తగిలించి, నెలనెలా కొంచెం కొంచెం కిందికి తేవాలి. ఆపరేషన్ చేసే మనిషి వేరు, లాగే మనిషి వేరు. ఏడాదిన్నర పడుతుంది. అది దిగుతుందో, ఈలోగా ఇది పోతుందో ఇప్పుడే చెప్పలేను. రెండూ నిలవొచ్చు. ఒకటే నిలవొచ్చు."

ఏడాదిన్నర. వినీల నాలిక నోట్లో ఎక్కడా పెట్టుకోడానికి చోటు లేక ఊరికే కదిలింది.

డాక్టరమ్మ బొమ్మ వైపే చూస్తూ అంది. "నాకు అర్థం కానిది ఒకటే. ఇది నిన్న మొన్నటిది కాదు. క్లిప్పులు వేసే ముందు ఎవరైనా ఎక్స్‌రే తీస్తారు. తీస్తే ఇది కనబడకుండా పోదు. ఆ డాక్టరు మీకెవరికీ చెప్పలేదా?"

తాత లేదన్నట్టు తల ఊపాడు. ఆయనకి నిజంగానే తెలీదు.

సుజాతమ్మ సంచీ జిప్పు తీసింది. వేసింది.

"సెప్పినాడు" అంది.

వినీల కళ్ళు తెరిచింది. దీపం చుట్టూ ఉన్న స్టీలు పళ్ళెంలో అమ్మ ముఖం చిన్నదిగా, వంకరగా కనబడుతోంది.

"మొదటి రోజే సెప్పినాడు. పిల్ల బయట కూకుని ఉన్నాది. నన్నొక్కదాన్నే పిలిసి ఈ బొమ్మే సూపించినాడు. కోసి గొలుసెయ్యాలన్నాడు. నేనే ఒద్దన్నాను. ముందు పళ్ళు సరిసేసి ఒగ్గీయండి, మిగతాది తరవాత సూద్దుము అన్నాను."

"ఎందుకు దీదీ?"

"ఆపరేషనన్నాడు గదమ్మా. ఆపరేషనంటే ఎక్కడో రాస్తారు. మా ఆయన కళ్ళల్లో నీరు కారుతున్నాదని సుక్కలేయించుకోడానికి రైల్వే ఆసుపత్రికెల్లినాడు. సుక్కల కోసం. వాళ్ళు రాసినారు. ఆ రాసింది పట్టుకునే లాగి లాగి ఆకరికి బండి దింపీసినారు. ఇరవై ఏళ్ళు ఇంజను తోలిన మనిషి ఇప్పుడు ఫైళ్ళు మోస్తున్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో జొరమొచ్చినా కషాయమే. పిల్ల రైల్వేకి రాస్తానంటున్నాది. దాని నోట్లో ఎముకకి కోతని ఎక్కడైనా పడితే? ఒద్దు, మెడికల్ అయిపోనీ, ఉద్యోగంలో కూకోనీ, అప్పుడు సేయిస్తాను అనుకున్నాను."

"పళ్ళ క్లిప్పులకీ, దంతాల ఆపరేషన్‌కీ మెడికల్‌లో ఫెయిల్ చేస్తారని మీకు ఎవరు చెప్పారు? నేనైతే ఎప్పుడూ వినలేదు. అక్కడ ఎవరినైనా అడిగారా?"

"అడిగితే పేరు తెలిసిపోతాది గదమ్మా" అంది సుజాతమ్మ.

డాక్టరమ్మ అడగడం మానేసి చేతి తొడుగులు మార్చుకుంది. వర్క్‌షాపు ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. ఇలాంటి ఇళ్ళు ఆమె చూడనివి కావు.

తాత కోడలి వైపు చూశాడు. ఇప్పుడు ఆయన ఏమైనా అనొచ్చు. అనడానికి బోలెడుంది. ఆయన జేబులోంచి ప్లయరు తీశాడు. చేతిగుడ్డలో చుట్టి ఉంది. డాక్టరమ్మ సామాన్లున్న పళ్ళెం పక్కన పెట్టి, మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"నాకెందుకు దాదూ ఇది?"

"నా కాడుంటే మళ్ళీ అడుగుతాది" అన్నాడు.

అనేశాక గాని తెలియలేదు ఆయనకి, ఏమన్నాడో. సుజాతమ్మకి మాత్రం తెలిసింది. కుర్చీ వైపు తిరిగింది.

"సరే, ఇక చట్రం తీస్తున్నాను" అంది డాక్టరమ్మ. "కట్టు కట్టే ముందు నాకు ఒకటి తెలియాలి. ఆపరేషన్ చేసే ఆయనతో మాట్లాడాలి కదా. మెడికల్‌కి ముందా, తర్వాతా అని అడుగుతాడు. తేదీ ఏది అమ్మా?"

ఆమె రెండు చేతులతో చట్రం తీసేసింది.

పెదాలు వాటి చోటికి అవి వచ్చాయి. కానీ నోరు మూతపడలేదు. అంతసేపు మాట్లాడాలని కొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎవరూ పట్టుకోకపోయినా, అలాగే నోరు తెరుచుకుని ఉంది.

"తేదీ సెప్పు డాక్టరమ్మకి" అంది తల్లి.

"మెలి తాతది కాదమ్మా. నేనే వేయించుకున్నాను." తేలికైన నిజం ముందు వచ్చింది.

"నోర్ముయ్యి గుంటా" అన్నాడు తాత.

"మూడుసార్లు అడిగినాను. ఒద్దన్నాడు. నేనే ప్లయరు పట్టుకున్నాను. అందుకే వేసినాడు."

"ఇప్పుడే తెలిసింది లే. ఇంటికెల్లి తేల్చుకుందుము. తేదీ సెప్పు."

"లేదు."

"ఏటి లేదు? ఇంకా రాలేదా?"

"మెడికలే లేదమ్మా. ఆకరి పరీక్ష పోనాది. నంబరు లేదు. నేను ఉందన్నాను."

బయట టోటో అనే బ్యాటరీ ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. వినీల అమ్మ చెయ్యి లేస్తుందనుకుంది. లేవలేదు. తిడుతుందనుకుంది. సుజాతమ్మ డాక్టరమ్మ వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగింది. "టైమెంతయిందమ్మా?"

"పన్నెండు కావస్తోంది."

"మీ నాన్న పొద్దున్న గుడికేసుకునే తెల్ల సొక్కా ఎందుకేసుకున్నాడో అడిగినావా నువ్వు?"

వినీల అడగలేదు. చూసింది. ఇస్త్రీ కూడా ఆయనే చేసుకున్నాడు. కూనిరాగం తీస్తూ చేసుకున్నాడు. కళ్ళ సంగతి తేలినప్పట్నుంచీ ఆ ఇంట్లో కూనిరాగం విని ఎన్నాళ్ళో అయింది.

"రిటైర్‌మెంటు కాయితం ఇచ్చేస్తాడు ఈ రోజు" అంది సుజాతమ్మ. "ఇంకా ఏడేళ్ళ సర్వీసున్నాది. ఇచ్చేస్తాడు. ఆ స్టూలు మీద ఇంక ఒక్క రోజు కూకోలేనన్నాడు. సాయంత్రం నీకు సెప్పి నవ్వించాలని నన్ను సెప్పొద్దన్నాడు. మెడికల్ అయ్యేదాకా ఆగమన్నాను నేను. ఎందుకాగాలి, నంబరుంది గదా అన్నాడు. క్వార్టరు పిల్ల పేర మారుతాది, మనం కదలక్కర్లేదన్నాడు."

నంబరుంది గదా.

తాత అప్పటికే లేచి నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. ఝపటాపూర్ నుంచి ఆఫీసుకి టోటోలో వెళ్ళినా లెవెల్ క్రాసింగులో గేటు పడితే అంతే.

వినీల అమ్మ సంచీలోంచి ఫోను లాగింది. నాన్నకి చేసింది. మోగింది. మోగుతూనే ఉంది. ఇక పెట్టేద్దామనుకునేంతలో ఎవరో ఎత్తారు.

"నాన్నా..."

"నాన్న కాదు బేటీ, నేను." ఆఫీసులో నాన్న పక్క స్టూలు మీద కూర్చునే ముసలాయన గొంతు. వెనక ఎవరో నవ్వుతున్నారు. "సిరిల్ ఫోను బల్ల మీద వదిలేసి కాయితం పట్టుకుని సాహెబు గదిలోకి వెళ్ళాడు. ఇప్పుడే. తెల్ల చొక్కాలో పెళ్ళికొడుకులా వెళ్ళాడు. నీ మిఠాయి సాయంత్రం అంట కదా? మా అందరి కడుపూ నిండింది బేటీ, మన పిల్ల ఇంజనెక్కుతోందంటే."

వినీల ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"హలో? ఏమైనా అర్జెంటా? తలుపు వేసుకున్నారు గాని, కావాలంటే తట్టి పిలుస్తాను. అందరి ముందూ బయటికి వస్తే, కూతురు ఎందుకు చేసిందని సాహెబు కూడా అడుగుతాడు. పిలవనా?"

తల్లి చూస్తోంది. తాత చూస్తున్నాడు. డాక్టరమ్మ కొత్త తీగ వేళ్ళ మధ్య పట్టుకుని ఆగిపోయింది.

నాలిక దానంతటది వెళ్ళి తాత వేసిన మెలిని తాకింది. కొస ఎక్కడా గుచ్చుకోలేదు. పన్ను కొంచెం ఊగి, ఇంకా అక్కడే ఉంది.

"చెప్పు బేటీ. పిలవనా, వద్దా?"